రెండు తలుపుల ఇంట్లో తూర్పు జ్ఞాని

సౌదీలో, అల్ ఖోబర్‌లో మా ఫ్లాటుకు రెండు తలుపులుండేవి. ఒకటి మగ అతిథులకు, నేరుగా ముందుగదిలోకి. రెండోది ఆడవాళ్ళకు, వంటింటి పక్కనుంచి. ఈ హంగంతా మనకెందుకని చేరిన కొత్తలో విసుక్కున్నాను గానీ, క్రిస్మస్ నాటకానికి అంత వీలైన ఇల్లు ఇంకోటి దొరకదు. తూర్పు జ్ఞానులు ముందు తలుపులోంచి వచ్చి, పసిబాలుడికి కానుకలిచ్చి, వంటింటి పక్క తలుపులోంచి వెళ్ళిపోయేవారు. దుర్మార్గుడైన రాజుకు దొరక్కుండా వాళ్ళు వేరే దారిన ఇంటికి వెళ్ళారు కదా, అందుకని.

మాది గోదావరి జిల్లా. ఖోబర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. చర్చిలకు అనుమతి లేని దేశం గనక కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునే మా నాలుగైదు కుటుంబాల కూడికలో నాటకం వేయించే పని ఏటా నాదే. ఆ ఏడు మాత్రం నాకు పట్టుదల ఎక్కువైంది. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాకత్ లెక్కలో మావారి కంపెనీ ఎరుపులో పడింది. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని మిగతావాళ్ళ ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ చెయ్యడం ఆపేశారు. పిల్లలిద్దరూ ఆయన ఇకామా మీదే ఉన్నారు. ముగ్గురికీ దేశం విడిచి వెళ్ళే ఎగ్జిట్ వీసా కొట్టేశారు. నా ఉద్యోగం నిలిచింది కాబట్టి, ఇల్లు గడవాలంటే నేను ఉండిపోవాలి. క్రిస్మస్ దాకా వాళ్ళు ఆగే వీల్లేదు. అందుకని నాటకాన్ని పండగకు ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌కే జరిపాను. పిల్లలు నా కళ్ళముందు ఆడే ఆఖరి నాటకం ఇదేనేమోనని లోపల ఒకటే బెంగ.

తీరా చూస్తే జ్ఞానులు లేరు. తలకింతని వేసిన లెవీల దెబ్బకు కుటుంబాలు వెళ్ళిపోయి, వేషం కట్టే మగవాళ్ళు ఇద్దరే మిగిలారు. మూడో మనిషి కోసం చూసి చూసి, చివరికి కింది ఫ్లాట్లో ఒంటరిగా ఉండే పార్సీ అంకుల్‌ని అడిగాను. రాస్ తనూరా రిఫైనరీలో ఇంజినీరు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మాతో హిందీలో మాట్లాడేవారు.

"జ్ఞాని వేషమా?" అని పకపకా నవ్వారు. "వాళ్ళు మావాళ్ళే బేటీ. మా పూజారులు."

నేను నమ్మలేదు. మా ఊళ్ళో జ్ఞానులంటే రాజులే. పౌరాణిక నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచి కిరీటాలూ భుజకీర్తులూ తెచ్చి తగిలించేవాళ్ళం. ఖోబర్‌లో అవి లేక నా పట్టుచీరలే తలపాగాలయ్యాయి. అంకుల్ కూర్చోబెట్టి చెప్పుకొచ్చారు. నిప్పు ముందు నిలబడి మంత్రాలు చదివే పారశీక పూజారులట వాళ్ళు. ఈయనదీ పూజారుల వంశమే, చిన్నప్పుడు దీక్ష కూడా తీసుకున్నారట. ఇప్పటికీ ప్రార్థనప్పుడు వెలుగువైపు తిరగాలి గనక, సైటులో ఉంటే రిఫైనరీ గొట్టం మీద మండే ఫ్లేర్ వైపు తిరిగి దండం పెట్టుకుంటారట. వాళ్ళ పాత మంత్రాల భాషా, వేదాల భాషా దగ్గరి చుట్టాలట.

"హిందువుల దేవుళ్ళ పేరు మా దగ్గర దయ్యాలకు పెట్టాం. మా దేవుడి పేరు వాళ్ళు రాక్షసులకు పెట్టారు. అన్నదమ్ములు విడిపోతే అంతే కదా" అన్నారు.

నాకూ ఒకటి గుర్తొచ్చింది. మేము చదువుకునే గ్రంథంలో మన దేశం పేరు వచ్చేదే పారశీకుల సామ్రాజ్యం ఎంత దూరం ఉందో చెప్పేటప్పుడు. చెరలో ఉన్న జనాన్ని ఇళ్ళకు పంపిందీ ఒక పారశీక రాజే. ఆ మాట చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆ రాజ్యం ఎప్పుడో పోయింది బేటీ. మావాళ్ళు పడవలెక్కి గుజరాత్ చేరారు. గుడి కట్టుకుని నిప్పు వెలిగించుకున్నారు. అది ఇంకా ఆరలేదు."

ఈ సంగతి తెలిసి మా కూడికలో పెద్దాయన ఊరుకోలేదు. "ఏంటి సిస్టర్, నిప్పుకి దండం పెట్టే అన్యుడి చేత వేషం కట్టిస్తారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటండీ బ్రదర్, ఆనాడు వచ్చినోళ్ళు మాత్రం బాప్తిస్మం పుచ్చుకుని వచ్చేరా?"

మావారు వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నారు.

నాటకం రోజు అంకుల్ తెల్లబట్టలు, తెల్లటోపీతో వచ్చారు. బజారులో సాంబ్రాణి, ధూపం పాత్ర తనే కొన్నారు. ఊపిరి తగిలి నిప్పు మైలపడకూడదని నాచేత ఆసుపత్రి మాస్కు తెప్పించుకున్నారు. దాంతో ఒకావిడ, పాపం జలుబు చేసిందేమో అని జాలిపడింది. మా పెద్దది తల్లి వేషంలో బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నది అట్టతో చేసిన చుక్క పట్టుకుని ముందు నడిచింది. అంకుల్ బొమ్మ ముందు మోకరించి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, మేం రాసుకున్న మాటలు మానేసి తన భాషలో ఏదో చదివారు. గది గదంతా కదలకుండా విన్నది. పెద్దాయన కూడా తల వంచుకున్నారు.

ఏం చదివారని తర్వాత అడిగాను. "పాత మంత్రం. దాని అర్థం నాకే సగం తెలీదు. అడిగింది మాత్రం మీ పిల్లల కోసమే" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ప్రయాణం రోజు మావారు సామాను ముందు తలుపులోంచి దించారు. చిన్నది మాత్రం ఆ తలుపులోంచి రానంది.

"అటు కాదు నాన్నా, వంటింటి వైపు నుంచి. వచ్చిన దారినే వెళ్తే రాజుకి దొరికిపోతాం కదా."

మావారు నావైపు చూశారు. నేనే ఆ తలుపు తీశాను. గడప దాటాక చిన్నది వెనక్కి తిరిగి, "అమ్మా, నువ్వూ ఇందులోంచే రా. మర్చిపోకేం?" అంది. సరేనన్నాను.

తర్వాత ఆ ఫ్లాటులో నాతోపాటు ఇంకో ఇద్దరు నర్సులు చేరారు. వాళ్ళు రెండు తలుపులూ వాడేవారు. నేను మాత్రం డ్యూటీకి వెళ్ళినా, వచ్చినా ముందు తలుపే. ఆ రెండోది నా ఎగ్జిట్ రోజుకని దాచుకున్నాను.