బాంబుల బాబాయి చప్పుడు

గనిలో ఖనిజం ఉన్నంతకాలం ఆయన పని బండలు పేల్చడం. అందరికీ ఆయన బాంబుల బాబాయి. ఆ పేలుళ్ళకి చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెట్టింపయింది. ఇంట్లో మంచినీళ్ళడిగితే పక్కింటావిడ లేచేది.

గని మూతపడ్డాక దాని అడుక్కి శాస్త్రవేత్తలు దిగారు. సొరంగం కప్పు భద్రంగా ఉందో లేదో చూడటం, వచ్చినవాళ్ళని అలికిడి కాకుండా నడిపించడం బాబాయి ఉద్యోగం. ఏరికోరి ఆయనకే ఇచ్చారు.

"ఇంతకీ అక్కడేం చేస్తారండీ?" అంది భార్య.

"ఓ స్ఫటికాన్ని అంతకంటే చల్లబరచడం ఎవరివల్లా కాదన్నంత చలిలో పెట్టారే. కంటికి కనిపించని కణమేదో ఆకాశంలోంచి వచ్చి తగిలితే, అది ఇసుమంత వేడెక్కుతుందట. దానికోసం కాచుక్కూర్చుంటారు."

"తగిలిందా?"

"ఇంకా లేదు."

"మరి జీతాలిస్తున్నారా?"

"నెలనెలా!"

ఆ శాస్త్రవేత్తలకి పెద్దయిన మేడమ్ నల్లటి జుట్టుతో వచ్చింది, తల నెరిసింది. కణం జాడ లేదు. అలాంటిది ఒక వారం స్ఫటికం ఉన్నట్టుండి ఉలిక్కిపడటం మొదలెట్టింది. కణం దొరికిందని మేడమ్ బాబాయి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. రహస్యంగా ఉంచమని ఆయనకి చెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. భార్య చెవిలో ఆయన ఊదిన ఆ రహస్యం సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది.

తీరా చూస్తే, బాబాయి సెలవు పెట్టిన రోజున కణం కూడా సెలవు పెడుతోంది. మేడమ్‌కి అనుమానం వచ్చి ఆయన వెనకాలే నడిచింది. బాబాయి ఇనుప గడ్డపారతో కప్పుని ఠంగుఠంగున బాదుతున్నాడు. బండ వదులైతే డొల్లగా మోగుతుంది, అదే పరీక్ష.

"అంత గట్టిగా ఎందుకు బాబాయ్?"

"ఈమధ్య చెవులు మరీ మందగించాయి, నాకు వినపడొద్దా అమ్మా?"

స్ఫటికం ఉలిక్కిపడింది తన గడ్డపారకేనని తెలిశాక ఆయన మొహం మాడిపోయింది. ఇంటికొచ్చి నోరు విప్పకుండా కూర్చుంటే, జ్వరమేమోనని భార్య నుదురు పట్టుకు చూసింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడు.

ఊడలేదు. బండ అదురుని కణం తాకిడి నుంచి వేరు చేయడమెలాగో వివరిస్తూ మేడమ్ ఒక పరిశోధనా వ్యాసం రాసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రయోగశాల కనిపెట్టింది అదొక్కటే. వ్యాసం చివర బాబాయికి కృతజ్ఞతలు కూడా చెప్పారు.

"మీరు గోల మనిషని కనిపెట్టడానికి గనిలోకి దిగాలా?" అని భార్య నవ్వింది.

తర్వాత ప్రయోగశాల వాళ్ళే ఆయన చెవికి మిషను పెట్టించారు. మొదటిరోజు సొరంగంలోకి దిగుతూనే బాబాయి ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఈ టకటక?"

"స్ఫటికాన్ని చల్లబరిచే యంత్రం. మొదట్నుంచీ ఉన్నదే బాబాయ్."

"ఇంత రొద మీరు పెట్టుకుని, ఇన్నేళ్ళూ నన్ను చెప్పులు చేత్తో పట్టుకు నడవమన్నారా!"