వంకలో విన్న గొంతు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వు. మదనపల్లెలో మా నాన్నది మైకుసెట్ల అంగడి. తీగ తెగితే మాట రాదు, అతికిస్తే వస్తుంది, నడుమ దయ్యానికేం పని అనేవాడు. ఆయన కూతుర్ని నేను. అయినా నిరుడు రాగులు కోతకొచ్చిన రోజుల్లో జరిగింది మాత్రం నాకు ఈరోజుకీ మింగుడు పడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి.

పుంగనూరులో ఉన్న మా పెద్దమ్మ తెచ్చిన సంబంధం నాది. అత్తవారి ఊరు గుడుపల్లె దగ్గర. మా ఆయన తెల్లారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు. ఇంట్లో అత్త, మామ, నేను.

పెళ్లిమాటలకు ముందే మామకు గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశారు. స్వరపేటిక తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లగుడ్డ. ఊపిరి అందులోంచే. గుసగుస కూడా రాదు. అంటే ఆయన గొంతు ఎలా ఉండేదో నేను ఎన్నడూ వినలేదు. మా మాటలన్నీ సైగలే. నా నడకనూ నా కోపాన్నీ చేతులతో చేసి చూపించి ఆట పట్టించేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

మా చేనికి అడవి దగ్గర. పంట చేతికొచ్చే వేళకు ఏనుగులు దిగుతాయి. మామ పొద్దున్నే చేను పక్కనున్న ఎత్తు బండ ఎక్కి కాపలా కాస్తాడు. ఏనుగు కనిపించినా కేక వేయలేడు కదా, అదే నా దిగులు. పళ్లెం వాయిస్తే గాలి ఎదురైనప్పుడు వినపడదు. ఆ చేలల్లో సెల్లుకు సిగ్నల్ లేదు. అందుకే మా ఆయన చేత రెండు వాకీటాకీలు తెప్పించాను. లైసెన్సు అక్కర్లేని చిన్నరకం.

డబ్బా మీద ఐదు కిలోమీటర్లని వేశారు. శుద్ధ అబద్ధం! మొదటిరోజు నాలుగిళ్లు దాటేసరికే గరగర. మామ దాన్ని లుంగీలో దోపుకుని తిరిగాడు మరి. కూర్చోబెట్టి నేర్పించాను. రెండూ ఒకే ఛానెల్‌లో ఉండాలి. యాంటెన్నా నిలువుగా ఉండాలి. ఒంటికి ఆనించకుండా ముఖం దగ్గర పట్టుకోవాలి. ఎంత ఎత్తున నిలబడితే అంత దూరం పోతుంది, మధ్యలో మిట్ట అడ్డమొస్తే అంతే సంగతులు.

మాట లేని మనిషికి బటనే మాట. ఒకసారి నొక్కితే ఉన్నానని, రెండుసార్లయితే రమ్మని, మూడుసార్లయితే ఏనుగు. ఆయన నొక్కినప్పుడల్లా నా దాంట్లో టిక్కుమనేది. సంగటి ఆలస్యమైతే వరసగా పది టిక్కులు.

"సూడు పాపా, నోరు పోయినా తిట్లు పోలా ఈయప్పకు" అని అత్త నవ్వేది.

చేనంతా తిరిగి చూసుకున్నాం. అంతటా అందుతుంది, ఒక్క చేని దిగువన వాననీళ్లు పారే వంకలో, మోటారు కొట్టం దగ్గర తప్ప. ఆ పల్లానికీ బండకూ నడుమ మిట్ట అడ్డం. అక్కడికి ఒక్కదానివే దిగొద్దని మామ వేలెత్తి మరీ చెప్పాడు.

ఆ పొద్దు నేను దిగాను. ఏడు దాటింది, మంచు ఇంకా విడవలేదు. కరెంటు వచ్చింది, మోటారు వేసి వచ్చేద్దాం, ఎంతసేపని. కొట్టం ఇరవై అడుగుల్లో ఉందనగా చేతిలోని వాకీటాకీలో మగగొంతు వినిపించింది. గరగర లేదు, చాలా స్పష్టంగా ఉంది.

"మో... మో... మోటారు కాడికి పోవాకు పాపా. యెనక్కి తిరుక్కో. పరిగెత్తాకు, నిమ్మళంగా రా."

ఎవరని అడగాలని కూడా తోచలేదు. కాళ్లు వాటంతట అవే తిరిగాయి. మిట్ట ఎక్కి చూస్తే కొట్టం వెనక అరటిచెట్ల నడుమ ఒంటరి ఏనుగు. ఇంకో పదడుగులు వేసి ఉంటే ఇవాళ ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

మామ బండ దిగి పడుతూ లేస్తూ వస్తున్నాడు. ముఖం నిండా కన్నీళ్లు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తర్వాత నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేశాడు.

మామా నేనూ ఇంటికొచ్చేసరికి అత్త రాగులు చెరుగుతోంది. ఆ గొంతు ఎలా అనిందో అలాగే, మో... మో... అని చెప్పేసరికి ఆమె చేతిలోని చేట పక్కన పెట్టేసింది.

"మీ మామకు నత్తి ఉండెనని నీకెవురు సెప్పినారే?"

ఎవరూ చెప్పలేదు. మాటే పోయిన మనిషికి ఒకప్పుడు నత్తి ఉండేదని కొత్తకోడలికి ఎవరు చెబుతారు? ఇద్దరం మామ వైపు చూశాం. సిగ్గుపడి తలవంచుకున్నాడు. ఏనుగు అరటిలోకి దూరడం, నేను మిట్ట దాటి దిగడం బండ మీంచి కనిపించాయనీ, బటన్ మూడేసిసార్లు నొక్కుతూనే ఉన్నాననీ, ఆ తత్తరపాటులో నోరు తెరిచి అరిచాననీ, ఏమీ రాలేదనీ చేతులతో చెప్పాడు. ఏమని అరిచావు మామా అంటే పెదవులు కదిపి చూపించాడు. మొదట రెండుసార్లు పెదవులు మూసుకుని తెరుచుకున్నాయి.

నేను ఊరుకోలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఆరా తీశాను. ఇలాంటి వాకీటాకీలు ఎవరి దగ్గరా లేవు. ఎవరి మాటో వచ్చి కలిసిందనుకున్నా, నేను మోటారు దగ్గరికి పోతున్నానని వాళ్లకెలా తెలుసు? మామను బండ మీద నిలబెట్టి, మా ఆయన చేత సెలవు పెట్టించి తోడు తీసుకుని వంకలోకి దిగి నాలుగు రోజులు చూశాను. టిక్కు కూడా రాలేదు. మా నాన్నకు ఫోన్ చేస్తే అంతా విని, "మీ మామను బాగా సూసుకో పాపా" అన్నాడు.

అత్త మాత్రం అలిగింది.

"కట్టుకున్నదాన్ని నేనుండంగా ఈయప్ప మాట్లాడింది కోడలితోనా! నాకో మాట సెప్పేదానికి నోరు రాలేదా?"

మామ చేతులు జోడించి బతిమాలినా రెండు రోజులు ముఖం చూపలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన చేనికి పోయాక వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆయన గొంతు మరిసిపోతాండానే. ఎంత తలుసుకున్నా సెవిలోకి రాలేదు. ఆ మాట నువ్వొకసారి అను."

అన్నాను, నత్తితో సహా. ఆ పల్లంలోకి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశా లేదు. అత్తకు ఆ ప్రశ్నే లేదు. కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపింది.

"అట్ల గాదు, మొదటి మో ఇంకా రోంత పొడుగు. ఆఁ, ఇంగొకసారి అను."