పాఠశాల బోర్డు మీద జూమ్ లెన్సు పరీక్ష

డెబ్బైల మొదట్లో ఖరగ్‌పూర్ నుంచి కబురొచ్చింది, మా మేనమామ రైలింజిను డ్రైవరుగా ఆఖరి డ్యూటీ చేయబోతున్నాడని. ఇంజిను నడుపుతుండగా మావ ముఖాన్ని ఫొటో తీయాలని నాకు ఒకటే ఆత్రం. ప్లాట్‌ఫాం మీద దండలు పట్టుకున్న జనం మధ్య అది కుదిరే పని కాదు. పాదచారుల వంతెన మీద నిలబడి, బండి దూరంగా ఉండగానే పట్టాలి. నా మామూలు లెన్సులో అంత దూరం నుంచి ఇంజిను అగ్గిపెట్టెంతే పడుతుంది, ఇక మావ ముఖం సంగతి చెప్పక్కర్లేదు. ఏమైతే అదవుతుందని రాత్రి విజయనగరంలో మెయిలెక్కి, మావ ఆఖరి బండి వచ్చే రోజు పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో దిగాను.

మావ కొడుకు, నాకు బావ, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు పెట్టి, సైకిలు తీసుకుని స్టేషనుకొచ్చాడు. "గోల్‌బజార్ స్టూడియో దాదా కాడ సవకలో జూమ్ లెన్సొకటి సూసినాను బావా. ముందు పూరీ తినీసి ఎల్దాం," అన్నాడు. స్టేషను బయట పూరీ, ఆలూదమ్, మట్టి పిడతలో టీ కలిపి రూపాయి లోపే. అక్కడినుంచి బజారు సైకిలుకి ఎంతో దూరం కాదు. ఎవరో వాడి అమ్మేసిన ఆ లెన్సు చేతిలోకి తీసుకుంటే పొత్రంలా బరువు. స్టూడియో నడిపే ఆ బెంగాలీ దాదా పెద్దమనిషి. "తీసి చూడండి, ఫిలిం నేనే కడిగిస్తాను. కానీ సాయంత్రంలోగా చెప్పాలి, హిజ్లీ కాలేజీ హాస్టలు కుర్రాడొకడు అడుగుతున్నాడు," అన్నాడు హిందీలో.

చవక లెన్సు పూర్తిగా బయటికి లాగితే బొమ్మ మసకబారుతుందని విన్నాను. అందుకే పరీక్ష గట్టిగా పెట్టాలనుకున్నాం. మావ పేరు చెప్పి స్టేషన్ మాస్టారి అనుమతి తీసుకుని వంతెనెక్కాం. పట్టాల అవతల, రైల్వేలో పనిచేసే తెలుగువాళ్ల క్వార్టర్ల వరసలో తెలుగు పాఠశాల బోర్డు కనబడుతోంది. బావకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "పాఠశాలలో ఠ ఉంది గదా. దాని కడుపులో సుక్క అగుపడిందంటే లెన్సు మంచిదే. నేకపోతే అది పారశాల." నాకు తెగ నచ్చేసింది. కెమెరాని కమ్మీకి ఆనించి, కింద గూడ్సు వెళ్తుంటే వంతెన అదిరిపోతుంది కాబట్టి అది దాటేదాకా ఊపిరి బిగబట్టి, ఎపర్చరు మార్చి మార్చి తీశాను.

మధ్యాహ్నానికి నెగెటివ్ తయారైంది. భూతద్దం కింద పెట్టి చూశాం. చుక్క లేదు. ఒక్క ఫ్రేములోనూ లేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"లైన్ ఏక్‌దమ్ సాఫ్ హై," అన్నాడు దాదా, అక్షరాల అంచులు ఎంత స్పష్టంగా పడ్డాయో చూపిస్తూ.

బావ నావైపు తిరిగి, "ఆయనకి తెలుగు రాదు గదా, ఏటి తెలుస్తాది పాపం," అన్నాడు. నేనూ తలూపాను. మిగతా అక్షరాలు ఎలా ఉన్నాయో చూడాలన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు. లెన్సు తిరిగిచ్చేసి, మొహాలు వేలాడేసుకుని ఇంటిదారి పట్టాం.

ఆ దారి పాఠశాల ముందునుంచే. బావ ఉన్నట్టుండి బ్రేకేశాడు. తలెత్తి చూశాను. బోర్డు మీద అంతంత లావు అక్షరాలతో, మొదటి నుంచీ ఉన్నది పారశాలే. తెలుగు రాని పెయింటరు కాగితం చూసి దించాడు, చుక్క దించలేదు. రోజూ ఆ బోర్డు కిందనుంచి వెళ్లే తెలుగువాళ్లంతా పాఠశాల అనే చదువుకుంటూ పోయారు, మేమూ అంతే.

"లెన్సు ఉన్నదున్నట్టే సెప్పినాది బావా, మనవే లేనిది సూడాలనుకున్నాం," అన్నాడు బావ. మాట పూర్తయ్యేలోపే సైకిలు వెనక్కి తిప్పేశాడు.

మేం వెళ్లేసరికి హిజ్లీ కుర్రాడు లెన్సు కొనేసి సంచిలో పెట్టుకుంటున్నాడు. రొప్పుతూనే సంగతంతా చెప్పాను, బోర్డుతో సహా. దాదా పడీపడీ నవ్వాడు. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి లెన్సు నా చేతిలో పెట్టాడు. "ముందు మీ మామగారి ఫొటో తీసుకోండి. రేపు హాస్టలుకి తెచ్చివ్వండి చాలు." ఆ అబ్బాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఎండ పసుపు రంగులోకి తిరిగేవేళ, పూలదండలతో, కూత మీద కూత వేస్తూ బండి వచ్చింది. లెన్సులోంచి చూస్తే మావ ఎంత దగ్గరికొచ్చాడంటే, పలకరించబోయాను. నాలుగు ఫ్రేములు పడ్డాయి.

ఆ లెన్సు నాది కాలేదు, మర్నాడే హిజ్లీలో ఇచ్చేశాను. ఆ తర్వాత ఎన్నో లెన్సులు కొన్నాను, దేనిమీదా అంత ఆశపడలేదు. మీలో ఎవరైనా పాత లెన్సు పరీక్షించాలని బయల్దేరితే నా మాట ఒక్కటి వినండి. దేన్ని ఫొటో తీయబోతున్నారో ముందు దాని దగ్గరికెళ్లి కళ్లారా చూసి రండి. ఇక ఆ ఫొటో సంగతి. మావ ఇంట్లో మూతి ముడిచి కూర్చునే మనిషి, ఆయన పళ్లు ఎలా ఉంటాయో పిల్లలెవరికీ తెలియదు. ప్లాట్‌ఫాం మీద దిగినప్పుడూ అదే ముఖం. ఫొటోలో మాత్రం ఇంజినులోంచి సగం బయటికి వంగి, మసి ముఖంతో, నోరారా నవ్వుతున్నాడు. అత్త ఆ ఫొటోని దీపం దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత మావవైపు తిరిగి అడిగింది. "అయితే ఇన్నేళ్లూ దాని కాడే నవ్వినావా?"