గుంతలో లేని బండ

దయ్యాలను నేను నమ్మను. నమ్మే అవకాశమే లేదు, ఎందుకంటే మా దిక్కు తిరిగే దయ్యాల కథల్ల సగం నేను కట్టినవే. కరీంనగర్ రోడ్డు మీద, అలియాబాద్ మలుపు కాడ, పెండ్లి చీరల ఒక ఆడిమనిషి లిఫ్ట్ అడుగుతదని ఒక కథ ఉన్నది. అది నాదే. వాన పడుతుంటే కల్లు కాంపౌండుల కూసోని ఊసుపోక అల్లిన. కొన్నేండ్లకు కౌకూర్ ఆటో డ్రైవర్ ఒకడు అదే కథ నాకు చెప్పిండు, వాని సొంత మేనమామకు జరిగిందని. ఒట్టు కూడ వేసిండు.

అందుకే ఊర్ల నన్ను కోతల మల్లేశం అంటరు. అననీ. దానికి నాకు కోపం లేదు. నా కోపం వేరే. ఇంత బతుకుల ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. దాన్ని మాత్రం ఎవడూ నమ్మడు.

చేపలు పట్టే ఇల్లు మాది. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టనిదే వల దించం. శామీర్‌పేట దిక్కు మా చెరువు నీళ్లు పైకి చూస్తే పసిపిల్లలు ఆడుకునేటట్టు ఉంటయి. లోపలి సంగతి వేరు. వెంచర్లకు మట్టి కావాలని ఎండకాలం జేసీబీలు దించి ఎక్కడపడితే అక్కడ తోడుకపోయిన్రు. వానలు పడంగనే ఆ గుంతలన్నీ నీళ్ల కింద దాక్కుంటయి. మోకాళ్ల లోతుల నడిచే మనిషి ఇంకో అడుగు వేస్తే మాయం. తవ్వినోళ్లు ఒక్క కర్ర పాతలేదు, ఒక్క ఎర్రగుడ్డ కట్టలేదు. వాళ్ల చేతులు పడిపోను. ఏ గుంత ఎక్కడున్నదో మాలాంటోళ్లకే ఎరుక.

అలియాబాద్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డుల ప్రార్థన చేసుకునేటోళ్లు కొందరున్నరు. కంపెనీలల్ల ఊడ్చేటోళ్లు, సెంట్రింగ్ పనోళ్లు. నమ్మినోళ్లకు బాప్తిస్మం మా చెరువులనే ఇస్తరు, అంటే మనిషిని నీళ్లల్ల ముంచి లేపుతరు. ఆ వానకాలం వాళ్ల పాస్టరు నన్ను వెతుక్కుంట వచ్చిండు.

"తమ్ముడు, ఎక్కడిదాక పోవచ్చో జర చూపియ్యి. ముంచినోళ్లను మళ్ల లేపాలె గద."

ఆ మాటకు నవ్వొచ్చి ఒప్పుకున్న. పెద్ద గుంత అంచు మీద నేను నిలబడుడు, నన్ను దాటి ఎవ్వరూ రాకుండుడు. అదీ ఒప్పందం.

ఆదివారం, పట్టపగలు. మబ్బు కూడ లేదు. తాగలేదు, ముందే చెప్తున్న. ఛాతీ లోతు నీళ్లల్ల నిలబడి తమాషా చూస్తున్న. సాయంత్రం కాంపౌండుల చెప్పనీకి కథ కూడ తయారైతున్నది: ఒక లావుపాటామె మునగంగనే చెరువు పొంగి, చేపలన్నీ రోడ్డెక్కి శామీర్‌పేట బస్టాండుల నిలబడ్డయని. ఒడ్డు మీద అందరు కండ్లు మూసుకొని పాడుతున్నరు. నేను లోపల్లోపల నవ్వుకుంటున్న.

నా కాలి కింద అంచు విరిగింది.

ఈత నాకు నడకకంటే ముందొచ్చింది. మునుగుడు నాకు లెక్క గాదు. గని, ఆ గుంతల ఎవడో పారేసిన నైలాన్ వల ఉన్నది. రెండు కాళ్లకు చుట్టుకున్నది. వల చుట్టుకుంటే కాళ్లు కొట్టుకోవద్దు, కొట్టుకున్నకొద్దీ బిగుస్తదని పొద్దుకో పిల్లగానికి చెప్పేటోన్ని. నేనే కొట్టుకున్న. బిగిసింది. ముక్కుల నీళ్లు, నోట్ల బురద. అప్పుడు గంగమ్మ గుర్తుకు రాలేదు, ఒడ్డు మీది వాళ్ల దేవుడు గుర్తుకు రాలేదు. జేసీబీ కాంట్రాక్టర్‌ను తిట్టుకుంట పోతున్న.

అప్పుడొక చెయ్యి నా కుడి మణికట్టు పట్టుకున్నది.

గుంజలేదు. పట్టుకున్నది, అంతే. గట్టి చెయ్యి, కాయలు కాసిన చెయ్యి. అంత సల్లటి నీళ్లల్ల వెచ్చగున్నది. ఎందుకో నేను కొట్టుకునుడు ఆపిన. ఆపంగనే కాళ్ల కింద బండ తగిలింది. ఇంటెనక బట్టలుతికే బండ ఉంటది సూడు, అట్ల సాపుగ, రెండు పాదాలకు సరిపోను. లేచి నిలబడ్డ. తలకాయ నీళ్ల మీదికొచ్చింది. కాళ్లకు వల లేదు.

నేను నిలబడ్డది అంచు మీద గాదు, గుంత నడుమ. పక్కన మనిషి లేడు. ఒడ్డు మీది మొగోళ్ల బట్టలు ఎవ్వరివీ తడవలేదు. వాళ్లింకా అదే పాట పాడుతున్నరు. పాస్టరు ఒకామెను లేపి, కండ్లు తెరిచి నా దిక్కు చూసి, "ఏం తమ్ముడు, అంత దూరం పోతివి?" అన్నడు. బండను కాళ్లతోని తన్ని ఈదుకుంట వచ్చిన.

ఇంటికి పోయి నా భార్య పద్మకు చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతున్నది. చెరుగుడు ఆపలేదు.

"మొన్న జెల్లచేప నీతోని మాట్లాడింది. ఇయ్యాల చెయ్యి వట్టుకున్నదా?"

తర్వాతి ఆదివారం షెడ్డుకు పోయిన. మొక్కనీకి గాదు, అడగనీకి. ఒక్కొక్కన్ని ఆపి అడిగిన, నీళ్లల్లకు దిగింది ఎవరని. ఎవ్వరూ దిగలేదు. పాస్టరు నవ్వి, "ఎవరో నీకే తెల్వాలె తమ్ముడు" అన్నడు. అట్ల నవ్వితే నాకు మండుతది. గని మళ్ల ఆదివారం పోయిన. ఆ తర్వాత కూడ పోయిన. వాళ్ల పాటలు నాకు రావు, సగం మాటలు అర్థం కావు. ఒక్కటే నన్ను పట్టుకొని వదలలేదు. నేను పిలువలేదు. పిలువకపోగా, నవ్వుకుంటున్న. నవ్వేటోని చెయ్యి పట్టుకునేటోడు ఎవడుంటడు? నేనైతే ఇంకింత ముంచుదును.

ఆఖరికి బాప్తిస్మం తీసుకుంట అన్న. ఇగ మొదలైంది.

నాగారంల ఉండే మా బామ్మర్ది శంకర్ ఫోన్ చేసిండు. "బావా, ఏమిచ్చిన్రు నీకు? ఉత్తగనే పోయే మనిషివి గాదు నువ్వు." కాంపౌండుల కూడ అదే మాట. ఏమిచ్చిన్రు, ఏమిచ్చిన్రు. అరే, మనిషి ప్రాణం ఒకటుంటది, అది లెక్కల రాదా? నన్ను గంత సస్తాగ కట్టిన్రా?

షెడ్డోళ్లు తక్కువనుకుంటున్నరా? బాప్తిస్మానికి ముందు అందరి ముంగట సాక్ష్యం చెప్పాలె, అంటే దేవుడు నీకేం చేసిండో చెప్పాలె. అది వాళ్ల పద్ధతి. లేచి నాలుగు ముక్కలు చెప్పి కూసున్న. చెయ్యి పట్టుకున్నది, బండ తగిలింది, నిలబడ్డ, బతికిన. ఒక పెద్దమనిషికి సాలలేదు.

"ఇంకింత చెప్పు బ్రదర్. వెలుగు కనపడలేదా? తెల్లబట్టలు?"

"బురదల వెలుగేందయ్యా?" అన్న.

జిందగీ అంతా అడగకుండనే ఉప్పుకారం కలిపి చెప్పిన. ఇయ్యాల వీళ్లు కలుపు కలుపుమని బతిమాలుతున్నరు, నాకు చెయ్యి రాలే. వాళ్ల మీద ఎంత కోపమొచ్చిందంటే, లేచి చెప్పులేసుకున్న. పాస్టరు అడ్డమొచ్చి, "ఆయన చెప్పింది సాలు" అన్నందుకు ఆగిన.

పద్మ మాత్రం ఆగలేదు. "ఊరికి అబద్ధాలు చెప్తవు, భరిస్తున్న. ఇప్పుడు దేవుండ్లతోని కూడ పరాచికాలా? నా మొకం నలుగుట్ల ఎట్ల వెట్టుకోవాలె?" అని సంచి సదురుకొని నాగారం పోయింది. పోతూ పోతూ ఒక మాట అన్నది. ఎండకాలం చెరువు ఎండుతది, ఆ బండ చూపియ్యి. ఉంటే నీ ఇష్టం. లేకపోతే ఆ షెడ్డు గడప తొక్కొద్దు.

నాకు సంబురమైంది. బండ నా కాళ్లకు తెలుసు. అది యాడికి పోతది? బాప్తిస్మం అప్పటిదాక ఆపుకున్న. ఇల్లు మాత్రం బావి లెక్కైంది. నా కథ వినేటందుకు కాదు, నన్ను తిట్టేటందుకన్న ఒక మనిషి లేకుండ పోయింది.

నీళ్లు ఇంకినంక ముగ్గురం పోయినం. నేను, పద్మ, శంకర్. నేనే ముందు నడిచిన, పెండ్లికొడుకు లెక్క.

గుంత నోరు తెరుసుకొని ఉన్నది. ఇద్దరు మనుషుల లోతు. నడుమ ఆ నైలాన్ వల, బురద పట్టి, ఎండి, ముద్దలెక్క పడి ఉన్నది. బండ లేదు.

దిగిన. గడ్డపార తీసుకొని అంతటా పొడిచిన. పొడిచిన చోటల్లా మెత్తటి మట్టే. గులకరాయి కూడ లేదు. పైన శంకర్ తొడ కొట్టుకొని నవ్వుతున్నడు. "బావా, బండను కూడ చేప మింగిందేమో సూడు!"

నాకు అప్పుడొచ్చిన కోపం శంకర్ మీద గాదు. ఆయన మీద. ఎవరు పట్టుకున్నరో ఆయన మీద. నా సంసారం ఆ బండ మీద పెట్టిన. దాన్ని కూడ తీసుకపోతవా? బతికిచ్చి బద్నాం చేస్తవా? ఒక్క రాయి ఉంచితే నీ సొమ్మేం పోయింది? గుంతల నిలబడి, లోపల, నోటికొచ్చింది తిట్టిన. మొక్కుడు రాకముందు నేను చేసిన మొదటి ప్రార్థన అదే. ఇంకా చెప్పాలంటే, లేనోన్ని అంత మనస్ఫూర్తిగ ఎవడూ తిట్టడు.

తలెత్తి చూస్తే పద్మ నవ్వుతలేదు. అంచు మీద కూసోని ఆ వల దిక్కు చూస్తున్నది. వాళ్ల బాపు, మా మామ, అట్లనే పోయిండు, ఇంకో చెరువుల, కాళ్లకు వల చుట్టుకొని. ఆయన నాకంటే పెద్ద ఈతగాడు.

"నవ్వకు రా శంకర్" అన్నది. "గీ గుంతల నిలబడనీకి ఏం లేదు. మరి గీయన ఎట్ల బయటికెల్లిండు?"

"ఈతొస్తది గదనే అక్కా."

"బాపుకు రాలేదా?"

శంకర్ నవ్వు ఆగిపోయింది. ఆమె నా దిక్కు చెయ్యి చాపింది, ఎక్కమని. ఎక్కినంక, పయిట కొంగుతోని నా మోచేతి బురద తుడుసుకుంట మెల్లగ అన్నది:

"నువ్వు అబద్ధమాడితె గింత సిన్నగ ఆడవు. పో, మునుగు. నన్ను మాత్రం రమ్మనకు."

రమ్మనలేదు. ఆమె గంగమ్మకు ఆమె బోనం చేస్తది, ఆదివారం నా అంగీ ఇస్త్రీ చేసి పెడుతది. వానలు పడ్డంక మునిగిన.

ఇప్పటికీ ఊర్ల తలా ఒక మాట చెప్తరు. చెట్టు మొద్దు తగిలి ఉంటదని ఒకడు, సచ్చిన బర్రె అని ఇంకొకడు, భ్రమ అని చదువుకున్నోడు. షెడ్డోళ్లకైతే అంతా ముందే తెలుసు. దీనికి మంచి ముగింపు కట్టుమంటే సాయంత్రంలోపు కడుత, వినేటోళ్ల రోమాలు నిక్కవొడుచుకునేటట్టు. కట్టబుద్ధి అయితలేదు. ఆనాడు నా కాళ్ల కింద ఏమున్నదో నాకు తెల్వదు.