నా వెనక నడిచిన ఖాళీ మంచం

ఆ ఏడు ఆగస్టు పదిహేనున మా బస్తర్‌లోని ఉసూర్ బడిలో జెండా ఎగరేస్తుంటే నా ఎడమ దవడ లాగింది. పంటి నొప్పి అనుకున్నాను. వాన వెలిసిన ఉదయం. మెడల్స్ పెట్టుకున్న ఉన్ని కోటు లోపల చెమట కారుతోంది. మాజీ సైనికుల కోసం ముందు వరసలో కుర్చీలు వేశారు. అందరూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. జెండా ముందు కూర్చునే అలవాటు నాకు లేదు.

హెడ్‌మాస్టర్ శాలువా కప్పి, "పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి హవల్దార్ సాబ్" అన్నాడు. ఏటా చెప్పేదే చెప్పడం మొదలుపెట్టాను. బంగ్లాదేశ్ యుద్ధంలో, మోకాలి లోతు నీళ్ళున్న వరి పొలంలో, తొడలో తూటా దిగిన సిపాయి మడకం జోగయ్యను భుజాన వేసుకుని ఎయిడ్ పోస్ట్ దాకా ఎలా తెచ్చానో. జోగయ్య మా ఊరి దోర్లవాడు, గిరిజనుడు. ఒకే పటాలంలో పనిచేశాం, వెనకా ముందుగా పెన్షన్ మీద ఊరికి వచ్చాం. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా అతను నేల చూస్తూ కూర్చుంటాడు. ఆ రోజు కథ మధ్యలో నాకు ఊపిరి అందలేదు. మాట ఆగిపోయింది. నాకు దుఃఖం వచ్చిందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే జోగయ్య అడిగాడు. "ఏంది హవల్దార్, మొహం బూడిద లెక్క అయింది?"

"కోటు బిగుతు."

"ఇప్పు మరి."

"ఇంటికి పోయాక."

మర్నాడు జరిగింది మీకు అర్థం కావాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. బస్తర్ సంస్థానం విలీనమయ్యేదాకా మా తాత చుట్టుపక్కల ఊళ్ళకు దొర. ఎక్కడికి వెళ్ళినా మేనాలో వెళ్ళేవాడు. మోసేది దోర్లవాళ్ళు, వెట్టికి. విలీనం తర్వాత ఊళ్ళు పోయాయి, అడవి పోయింది, కచేరీ చావిడి కూలిపోయింది. మా నాన్న మేనాను వాకిట్లోకి లాగి గొడ్డలితో నరికాడు. "ఇక ఈ ఇంటి మగవాడు మనిషి భుజం ఎక్కేది ఒక్కసారే" అన్నాడు. ఆ ఒక్కసారి ఏదో చెప్పక్కర్లేదు. జాలితో అన్నాడో, సర్కారు లాక్కునేలోపు తానే వదిలేశాననిపించుకోవాలని రోషంతో అన్నాడో నాకు తెలియదు. ఆయన చివరి జ్వరంలో కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెరట్లోకి నడిచి వెళ్ళి వచ్చి, పడుకుని, పోయాడు. మా ఇంట్లో ఇత్తడి గిన్నెలు కూడా మిగల్లేదు గాని ఆ మాట మిగిలింది.

మర్నాడు తెల్లవారి మొహం కడుక్కుంటుంటే ఛాతీ మధ్య ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. నొప్పి అనను, బరువు. ఎడమ చెయ్యి వేళ్ళ దాకా మొద్దుబారింది. వాంతి అయింది. నా భార్య సుశీల వాము నీళ్ళు ఇచ్చింది. తగ్గలేదు. ఆమె పరుగెత్తుకెళ్ళి జోగయ్యను పిలుచుకొచ్చింది.

మా ఊరికి అప్పట్లో రోడ్డు లేదు. ఛత్తీస్‌గఢ్ ఇంకా వేరు పడలేదు. అడవిలో నడిచి, వాగు దాటి, రోడ్డు ఎక్కితే ఆవపల్లి పోయే జీపు ఏదైనా దొరికేది. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా నులక మంచానికి రెండు వైపులా వెదుళ్ళు కట్టి నలుగురు మోసుకెళ్ళేవారు. జోగయ్య నన్ను ఒక్క చూపు చూసి బయటికి వెళ్ళాడు. కాసేపటికి అతని తమ్ముడి కొడుకులు ముగ్గురితో, వెదుళ్ళు కట్టిన మంచంతో వచ్చాడు.

"నేను నడుస్తాను" అన్నాను.

"నడిచేటోని మొహమా అది?"

"నడుస్తానన్నాను కదా."

సుశీల నా చొక్కా గుండీలు పెడుతూ మెల్లగా అంది. "ఏమండీ, మామయ్యగారు లేరు ఇప్పుడు. చూడరు."

ఆ మంచం ఎక్కితే దిగనన్న నమ్మకం నా ఒంట్లో ఉంది. జబ్బు గురించి నాకేమీ తెలియదు, ఆ నమ్మకం మాత్రం తెలుసు. కర్ర పట్టుకుని బయల్దేరాను. నలుగురూ ఖాళీ మంచాన్ని భుజాన పెట్టుకుని నా వెనకే నడిచారు. ముందు నేను, వెనక మంచం, మంచం పక్కన గొడుగు పట్టుకుని సుశీల.

పొలంలో కలుపు తీస్తున్న జోగయ్య అక్క లచ్చమ్మ నడుం నిటారు చేసి చూసింది. "ఏంది తమ్ముడా, ఉత్త మంచం మోస్తున్నరు? పెళ్ళికూతురు దూకి పారిపోయిందా?"

"పెళ్ళికూతురు ముందు నడుస్తాంది అక్కా, సిగ్గు ఎక్కువ" అన్నాడు జోగయ్య.

వాళ్ళు నవ్వారు. నాకు నవ్వడానికి ఊపిరి లేదు. చెట్టు దగ్గరల్లా ఆగాను. దారి చూస్తున్నట్టు నటించాను. పటాలంలో రూట్ మార్చ్‌లో పడిపోబోయేవాణ్ణి ఎలా గుర్తుపట్టాలో నాకు నేర్పించారు. మోకాళ్ళు ఎత్తకుండా ఈడుస్తాడు, పక్కవాడి మాట వినపడదు. అదంతా నాలో జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నడిచాను.

వాగు హోరు వినపడే చోట కాళ్ళు పోయాయి. బురదలో కూలబడ్డాను. సుశీల నా తల పట్టుకుంది. కుర్రవాళ్ళు మంచం తెచ్చి పక్కన పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అప్పటికీ.

జోగయ్య నా ముందు గొంతుక్కూర్చున్నాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"నువ్వు పిల్లలకు సగం కథే చెప్తవ్, దొరా."

నేను చూశాను.

"వదిలేసి పొమ్మని ఆ రోజు నిన్ను బతిమాలిన. నువ్వు ఎత్తుతుంటే చెయ్యి కొరికిన. నువ్వు దవడ మీద ఒక్కటిచ్చి, సిపాయీ ఇది హుకుం అన్నవ్. ఆ ముక్క పిల్లలకు చెప్పవ్, నా ఇజ్జత్ పోతదని. నాకు ఎరుకే. ఇప్పుడు నిన్ను నేను కొట్టలేను, నువ్వు హవల్దార్‌వి. నువ్వే హుకుం ఇయ్యి. ఎత్తుమని చెప్పు, ఎత్తుతం. చెప్పకపోతే ఈడనే కూసుంటం, నలుగురం."

నిజంగానే కూర్చున్నారు. నలుగురూ బురదలో, మంచం చుట్టూ. వాన మళ్ళీ మొదలైంది. సుశీల ఏడవడం ఆపేసి నా నోటి వైపే చూస్తోంది. ఛాతీ మీది బరువు గొంతు దాకా వచ్చింది. ఇక్కడ నేనొక్కణ్ణే చచ్చిపోతే అది నా ఇష్టం. వీళ్ళను వానలో కూర్చోబెట్టి చావడం దొరతనం కూడా కాదు.

"ఉఠావ్" అన్నాను.

గొంతు రాలేదు. రెండోసారి అన్నాను. ఎత్తారు.

వాగు పొంగుతోంది. దాటే వీలు లేదు, నీళ్ళు తగ్గేదాకా ఆగాలి. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎంతసేపైనా మంచం కిందికి దిగలేదు. కళ్ళు తెరిస్తే వెదుళ్ళ మీద వాళ్ళ మెడలు కనిపిస్తున్నాయి, నరాలు తేలి. "దించండి, భుజాలు పోతాయి" అన్నాను.

"దించం" అన్నాడు జోగయ్య.

శవాన్ని తీసుకెళ్తూ దారిలో ఒకచోట పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడు కళ్ళం. ఎత్తిన మనిషిని దారి మధ్యలో నేల మీద పెట్టడమంటే వాళ్ళకు అదే. బతికున్నవాణ్ణి అలా పెట్టకూడదు. చిన్న కుర్రవాడికి చేతులు వణుకుతున్నాయి. సుశీల వెళ్ళి అతని కొస కింద తన భుజం పెట్టింది. మా ఇంటికి కోడలై వచ్చాక ఆమె చెంబు నీళ్ళు తప్ప మోయకూడదని మా అమ్మ నియమం.

"దించితే నీ పేరు మూడుసార్లు పిలవాలె దొరా" అన్నాడు జోగయ్య, ఆయాసపడుతూ. "నీ పేరు రైలుబండంత పొడుగు. పిలిచేలోపు వాగు ఎండిపోతది."

కుర్రవాళ్ళు ఒక్కొక్కరే భుజం మార్చుకున్నారు. లచ్చమ్మ పొలం నుంచి మరో ఇద్దరిని తోలుకొచ్చింది. నీళ్ళు కొంచెం తగ్గాక మంచాన్ని తలల మీదికి ఎత్తి దాటించారు. వాగు నీళ్ళు నా వీపును తాకలేదు.

ఆవపల్లి ఆస్పత్రిలో డాక్టర్ కుర్రవాడు, రాయ్‌పూర్ వైపు మనిషి. బీపీ చూసి, నాలుక కింద సార్బిట్రేట్ పెట్టి, ఆస్పిరిన్ నమలమన్నాడు. తర్వాత అడిగాడు, "పైదల్ ఆయే క్యా?"

"కొంత దూరం నడిచాను" అన్నాను హిందీలో.

"హార్ట్ అటాక్‌లో వేసే ప్రతి అడుగూ గుండెకు ఇంకో దెబ్బ. తెలుసా మీకు?"

తెలియదు. చెప్పినవాళ్ళు లేరు.

అతను పంపించిన జగ్దల్‌పూర్ పెద్దాస్పత్రికి చేరేసరికి మరో రోజు మొదలైంది. ఈసీజీ తీశారు. "యాంటీరియర్ వాల్ ఎంఐ. రక్తం గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చే టైం దాటిపోయింది" అని అక్కడి పెద్ద డాక్టర్ సుశీలతో అన్నాడు. నాకు వినపడదనుకుని అన్నాడు. గుండె ముందు గోడ చాలా భాగం చచ్చిపోయిందట. మొదటి గంటల్లో కదలకుండా వచ్చి ఉంటే కొంతైనా మిగిలేదట.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉండాలి. రాలేదు. నాలుగో రోజు బెడ్‌పాన్ పెట్టడానికి వచ్చిన ఆయాను పంపించేసి, గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి నడిచాను. తిరిగి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో నీళ్ళు బుడబుడమన్నాయి. నోట్లో ఎర్రటి నురగ. పల్మనరీ ఎడీమా అన్నారు. ఆ నీళ్ళు లాగే లాసిక్స్ ఇంజెక్షన్లు, ఆక్సిజన్ మాస్క్. సుశీలను బయటికి పంపేశారు. మునిగిపోవడం అంటే ఏమిటో నాకు పొడి మంచం మీద తెలిసింది.

తేరుకున్నాక పెద్ద డాక్టర్ మంచం పక్కన నిలబడ్డాడు. "ఫౌజ్‌లో మీరు ఆర్డర్ ఇచ్చేవారా, వినేవారా?"

"రెండూ."

"ఇక్కడ ఒక్కటే. వినండి."

చిత్తం అన్నాను. మా ఇంట్లో ఆ మాట ఎదుటివాళ్ళు మాతో అనేది.

ఆ తర్వాత రైల్లో విశాఖ. యాంజియోగ్రామ్‌లో గుండె ముందు గోడకు రక్తం తెచ్చే ఎల్ఏడీ నాళం పూర్తిగా మూసుకుపోయింది, మిగతా రెండు నాళాల్లో కూడా బ్లాకులున్నాయి. ఎకోలో ఈఎఫ్, అంటే గుండె రక్తం తోసే శక్తి, ముప్పై ఐదు శాతం. "చచ్చిన గోడను బతికించలేం. బతికున్న గోడల్ని కాపాడదాం" అని సర్జన్ బైపాస్ చేస్తానన్నాడు. ఆపరేషన్ రోజు వార్డ్‌బాయ్ స్ట్రెచర్ తోసుకొచ్చి, నేను దాని వైపు చూస్తూ ఉండిపోతే, "ఎక్కేయ్ బాబాయ్, వెనకాల లైను పెరిగిపోతోంది" అన్నాడు. ఎక్కాను.

గుండెకు అతకడానికి కాలిలో నరం తీసిన చోట చీము పట్టి మరో నెల ఉంచారు. ఇంటికి వచ్చాక బరువు ఎత్తకూడదు, ఎత్తు ఎక్కకూడదు. మొదటి చలికాలమంతా వాకిట్లో కూర్చుని, దారిలో పోయేవాళ్ళు నన్ను చూసి నడక తగ్గించడం భరించాను. ఒంటి నొప్పి కంటే అది కష్టం.

ఇప్పుడు ఆవపల్లిలో ఉంటున్నాం. ఈఎఫ్ నలభై దాటింది. ఉప్పు తక్కువ, మాత్రలు ఎక్కువ. పొద్దున్నే బజారు దాకా నడుస్తాను, గుండె ఒప్పుకున్నంత. జోగయ్య తొడ చలికి పట్టేస్తుంది, నన్ను తిట్టుకుంటూ కుంటుతూ వస్తాడు. వరి కోతలయ్యాక ఇద్దరం రోడ్డు లేని ఊళ్ళకు పోయి, రోగిని మోసే మంచం పటాలం పద్ధతిలో ఎలా కట్టాలో కుర్రవాళ్ళకు చూపిస్తాం. ముళ్ళు ఎక్కడ వేయాలి, దిగుడులో తల ఎటు ఉండాలి, నడకలో భుజం ఎలా మార్చాలి. చూపించాలంటే మంచం మీద ఎవరో ఒకరు పడుకోవాలి కదా. నేను పడుకుంటాను.

"కదలకు దొరా, శవం కదలదు" అంటాడు జోగయ్య.

"నేను రోగిని, శవాన్ని కాదు."

"అయితే మూలుగు."

కుర్రవాళ్ళు నవ్వుతారు. వాళ్ళలో కొందరి తాతలు మా తాతను మోశారు. వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఎత్తిన కుర్రవాడు ఇప్పటిదాకా ఒక్కడే. "మీ తాత ఇంతకంటే బరువట కదా?" అన్నాడు. "బరువే" అన్నాను.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. ఛాతీలో బరువు, దవడ లాగడం, చెయ్యి మొద్దుబారడం, కారణం లేని చెమట వచ్చాయంటే ఉన్నచోటనే కూర్చోండి. వాకిలి దాకా కూడా నడవకండి. మనిషిని పిలవండి. మోసేవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళకూ మీకూ మధ్య పాత లెక్క ఏదైనా సరే, ఎక్కండి. ఎక్కాక దించమని అడక్కండి.