పగలు తెలియని ఇల్లు

పొద్దు వాలితే చాలు, నాన్న కాలుగాలిన పిల్లి అయిపోతాడు. అప్పటిదాకా కుర్చీలో జోగుతున్న మనిషి దిగ్గున లేచి, చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకుని, తలుపు గడియ లాగుతాడు. "డ్యూటీకి టైమైంది. మెషిన్ ఆగితే తెల్లారి పేపరెలా వస్తుంది?" అని కూతురి మీద ఒంటికాలి మీద లేస్తాడు. దినపత్రిక అచ్చేసే ప్రెస్సులో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాత్రి డ్యూటీయే చేశాడు. ఆ ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. ఆ మాట చెబితే ఏడుస్తాడు, చెప్పకపోతే కొట్టబోతాడు.

కూతురు ఇంట్లోనే బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. నాన్నది వయసుతో వచ్చే మతిమరుపు కాదనీ, మెదడు కొంచెం కొంచెంగా అరిగిపోయే జబ్బనీ డాక్టరమ్మ ఏనాడో చెప్పింది. రాత్రుళ్ళు కంటి మీద కునుకు లేక, పోయిన నెల ఒక సాయంత్రం కూతురు కత్తెర చేతిలో ఉండగానే నిద్రలోకి జారుకుంది. నాన్న వెళ్ళి పెద్ద రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. సంగతి తెలిసి, ఆ ఊళ్ళోనే వేరే ఉంటున్న అన్నయ్య తేల్చి చెప్పేశాడు: వచ్చే నెలాఖరుకి నాన్నని వృద్ధుల ఆశ్రమంలో చేరుద్దాం, అక్కడ గేటుకి తాళం ఉంటుంది. అన్నయ్య చెడ్డవాడేం కాదు, హడలిపోయాడంతే. అయినా తాళం అనే మాట ఆమెకి మింగుడుపడలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ మందుల సంగతి పక్కనబెట్టి, పగలు ఏం చేస్తాడని అడిగింది. హాయిగా పడుకుంటాడంది కూతురు, కాస్త గొప్పగానే. కిటికీలకి దుప్పట్లంత మందం తెరలున్నాయనీ, చీమ చిటుక్కుమనకుండా చూస్తాననీ చెప్పింది. ఆ ఇంట్లో పగలంటే నాన్న నిద్ర మరి. చిన్నప్పుడు చెంచా జారిపడితే అమ్మ చేతిలో వీపు విమానం మోతే. అన్నాచెల్లెళ్ళు సైగలతోనే పోట్లాడుకునేవాళ్ళు. అమ్మ పోయింది, నాన్న ఉద్యోగం పోయింది, ఆ భయభక్తులు మాత్రం పోలేదు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఒంట్లో ఒక గడియారం ఉంటుందనీ, ఈ జబ్బు దాన్నీ తినేస్తుందనీ, మిగిలిన కాస్తా సరిగ్గా నడవాలంటే పొద్దుటి వెలుగు కంట్లో పడాలనీ వివరించింది.

"మీరేమో పగలంతా ఆయన్ని చీకట్లో ఉంచారు. రాత్రేదో పగలేదో ఆయనకెలా తెలుస్తుందమ్మా? జబ్బు తగ్గదు. సాయంత్రాలు కొంచెం తేలికపడొచ్చు."

కూతురు ఇంటికొచ్చి తెరలు పీకేసింది. పీకుతూ, దొంగతనం చేస్తున్నట్టు వెనక్కి తిరిగి చూసుకుంది. రోజూ పొద్దున్నే నాన్నని లేపి గుమ్మం ముందు ఎండలో కూర్చోబెట్టింది. మొదట్లో ఆయన తిట్టని తిట్టు లేదు. తర్వాత్తర్వాత ఆమె డబ్బాలోని గుండీలు రంగులవారీగా ఏరిపెట్టసాగాడు. సాయంత్రాలు లేవడం మానలేదు గాని, వీధి చివరిదాకా తిప్పి తెస్తే సర్దుకుంటున్నాడు. ఈ మాత్రం చాలుతుందా, అన్నయ్య ఒప్పుకుంటాడా అని ఆమెకి ఒకటే గుబులు. కుట్టు మీద చూపు నిలవడం లేదు.

అన్నట్టుగానే నెలాఖరుకి అన్నయ్య దిగాడు, బట్టలు సర్దడానికి సంచీతో సహా. నాన్న ఎండలో గుండీలు ఏరుతున్నాడు. కొడుకుని చూసి, మర్యాదగా జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండి. ఈ అమ్మాయి చాలా మంచిది, పగలు కూడా నాతో మాట్లాడుతుంది. నాకూ ఇద్దరు పిల్లలున్నారండి. నేను లేచేసరికి వాళ్ళ ఆటలైపోయేవి. పాపం, వాళ్ళకి తెలిసిందల్లా నిద్రపోతున్న నాన్నే."

అన్నయ్య సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. భోజనాలయ్యాయి. ఇంకా సర్దలేదేమని చెల్లెలు అడగలేదు, అడిగితే ఎక్కడ మొదలుపెడతాడోనని. పొద్దు వాలింది. నాన్న లేచి, గడియ మీద చెయ్యి వేశాడు. ఆమె గబగబా అడ్డం వెళ్ళబోయింది. అన్నయ్య ఆమె భుజం పట్టి ఆపాడు.

"ఆశ్రమం వాళ్ళకి వద్దని చెప్పేస్తాలే. సాయంత్రాలు నేనొస్తా, నువ్వు కాసేపు పడుకో."

తలుపు తనే తెరిచాడు. నాన్నా అని పిలవలేదు.

"నేనూ డ్యూటీకేనండి. కలిసి వెళ్దాం, పదండి" అన్నాడు.