కార్ఖానాలో ఉపవాస ప్రార్థన

మా బావకు పరాయి రాష్ట్రంలోని లింబాయత్‌లో చీరల మీద ఎంబ్రాయిడరీ చేసే కార్ఖానా ఉండేది. కింద మిషన్లు, పైన ఇల్లు. నా భర్త పోయాక అక్కావాళ్ళతోనే ఉంటూ అందరికీ వంట చేసేదాన్ని. లాక్‌డౌన్‌తో రైళ్ళు ఆగిపోయేసరికి తెలంగాణ నుంచి వచ్చిన పనివాళ్ళు ఊరికి పోలేక కార్ఖానాలోనే చిక్కుకుపోయారు. రెండు పూటలా అన్నం పెడతానని బావ మాటిచ్చాడు. మా చర్చి సంఘమంతా మెచ్చుకుంది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు!

నెల తిరిగి బియ్యం బస్తాలు ఖాళీ అయ్యేకొద్దీ ఆయనకు భక్తి పెరిగింది. ప్రతి శుక్రవారం కార్ఖానాలో ఉపవాస ప్రార్థన అన్నాడు. తర్వాత బుధవారం కూడా అన్నాడు. పనివాళ్ళు హిందువులు. ఉపవాసమంటే వాళ్ళకూ గౌరవమే, పైగా సేటు మాట. తలలు వంచుకుని కూర్చునేవారు. పైన మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లోనూ పొద్దున్నే ఇడ్లీలు ఉడికేవి. బావకు షుగరట, మందులు వేసుకోవాలట. షుగరు ఆయనొక్కడికి, ఇడ్లీలు ఇంటిల్లిపాదికీ.

మా అమ్మ ఉపవాసం ఉంటే ఇంట్లో మాకే తెలిసేది కాదు. తన వంతు అన్నం ఎవరో లేనివాళ్ళ ఇంటికి చేరేది. అలాంటి ఉపవాసాన్ని ఈయన బియ్యం మిగుల్చుకునే ఉపాయం చేసుకున్నాడు. ఆయన గొంతెత్తి ప్రభువును స్తుతిస్తుంటే నేను లేచి పైకి వెళ్ళిపోయేదాన్ని.

ఒక శుక్రవారం పాస్టరుగారు వీడియోలో ప్రార్థన పెట్టారు. సంఘమంతా చూడాలని బావ ఫోన్‌ను మిషన్‌కు ఆనించి, మా మాటలు అవతలికి వినబడకుండా మైకు ఆపాడు.

"ప్రార్థన అయినంక నువ్వు సాక్ష్యం చెప్పు. వీళ్ళే ఇష్టపడి ఉపవాసం ఉంటున్నరని చెప్పు" అన్నాడు నాతో.

"వీళ్ళను అడిగినవా బావా?"

"అడిగేదేంది? అన్నం పెట్టేటోడ్ని నేనే గద!"

అన్నం పెట్టని రోజున అన్న మాట అది. నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి వెళ్ళి, మా మధ్యాహ్నం భోజనానికి వండిన అన్నం, పప్పు గిన్నెలతో సహా కిందికి తెచ్చాను. ఫోన్‌లో పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూనే ఉన్నారు.

"ఏం చేస్తున్నవ్? ఉపవాసం చెడగొడుతున్నవ్!" అని బావ పళ్ళు నూరాడు.

"ఇది ఉపవాసం కాదు బావా, పస్తు" అని గట్టిగానే అన్నాను.

పళ్ళేలు పెట్టి వడ్డించాను. అందరూ వాళ్ళలో పెద్దాయన వైపు చూశారు. మా నాన్న ఈడువాడు. ఆయన ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, ఆగి బావను చూశాడు.

"సేటూ, తింటే పనిలకెల్లి తీసెయ్యరు గద?"

బావ విన్నాడు. విని కళ్ళు మూసుకున్నాడు. మైకు ఆన్ చేసి "ఆమేన్" అన్నాడు.

పెద్దాయన ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.